ఆ పిల్ల జారలేదు

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి మాత్రమే తెలుసు. మిగతా అందరికీ ఆమె అడ్డక్క. ఫ్యాక్టరీ ఆడవాళ్ల హాకీ జట్టులో వెనక వరసలో, కుడివైపు నిలబడి, వచ్చినవాళ్లకు అడ్డుపడటం ఆమె పని కాబట్టి ఎవరో సరదాకి పెట్టిన పేరు అది. క్యాంటీన్లో వరస తప్పించి ముందుకు దూరేవాళ్లకు కూడా ఆమె అలాగే అడ్డం నిలబడేది. దాంతో ఆట గురించి ఓనమాలు తెలియనివాళ్లు సైతం ఆ పేరు సరిగ్గా సరిపోయిందని ఒప్పుకున్నారు.

ఆమె ఉద్యోగం రెక్కలు తూచే సెక్షన్లో. ఒక ఫ్యానుకు బిగించే మూడు రెక్కలూ ఒకే బరువుండాలి, లేకపోతే తిరిగేటప్పుడు ఫ్యాను ఊగుతుంది. పొద్దున్నుంచి నాలుగింటిదాకా నిలబడి ఒక్కో రెక్కనూ కాటా మీద పెట్టడం, బరువు కలిసిన మూడింటినీ వెతికి కట్ట కట్టడం. తొమ్మిదేళ్ల నుంచి అదే పని. తొమ్మిదేళ్ల నుంచీ కాంట్రాక్టు మనిషే. ప్రతి ఆర్నెల్లకూ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇంకో ఆర్నెల్లు ఉండమనేవారు.

నాలుగింటికి సైరన్ మోగితే మిగతావాళ్లు గేటు వైపు పోయేవారు. పదకొండుమంది మాత్రం గోడౌన్ వెనకున్న మైదానానికి పోయేవారు. మైదానమంటే సగం గడ్డి, సగం మట్టి. ఒక గోలు వెనక వలకు బదులు విరిగిన చెక్కపెట్టెలు పేర్చి ఉండేవి. బంతి వాటికి తగిలి టక్కుమంటే అవతలివాళ్లు గోలు కొట్టినట్టు లెక్క. ఆ చప్పుడు వినపడకుండా చూడటానికే అడ్డక్క పుట్టిందని జట్టులో నవ్వుకునేవారు.

బడిలో ఉన్నప్పుడు డ్రిల్లు టీచరు ఆమెను రెండ్రోజులు చూసి, "నువ్వు పెద్దగా పరిగెత్తలేవు. కానీ పక్కకి తప్పుకోవు. వెనక నిలబడు" అంది. అప్పట్నుంచీ ఆమె వెనకే నిలబడింది. డిఫెన్సు ఆడేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. గోలు కొట్టినమ్మాయిని భుజాల మీద ఎత్తుకుంటారు. గోలు కాకుండా ఆపినమ్మాయి అదే సమయానికి మైదానం ఈ కొసన ఒక్కతే నిలబడి మోకాలికంటిన బురద గీక్కుంటూ ఉంటుంది. దానికి అడ్డక్క ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. ఆ పనిలో ఒక శుభ్రత ఉందని ఆమెకు తెలుసు. ఎదుటిమనిషి దూసుకొస్తుంటే ఎదురు పరిగెత్తకూడదు. నడుము వంచి, స్టిక్కు నేలకానించి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, తన కుడివైపు కాస్త దారి ఉన్నట్టు చూపించాలి. ఆశపడి బంతి అటు తోసిన క్షణంలో స్టిక్కు అడ్డం పెట్టాలి. అంతే. తగలాల్సింది బంతికి, కాలికి కాదు.

కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే. "మొహం చూడకండే, భుజాలు చూడకండే. మనిషి అటు చూసి ఇటు పోతుంది. బంతినే చూడండి."

పెనాల్టీ కార్నర్ పడితే గోలు గీత మీంచి అందరికన్నా ముందు పరిగెత్తి కొట్టేవాళ్ల మీదికి పోయేది కూడా ఆమే. అలా ఒకసారి ముంగాలి ఎముక చిట్లి నెలరోజులు కుంటింది. ఇంకోసారి పెదవికి మూడు కుట్లు పడ్డాయి. అయినా పదకొండేళ్ల ఆటలో అవతలివాళ్ల ఒంటి మీద ఆమె స్టిక్కు పడలేదు. ఒకే ఒకసారి పచ్చకార్డు చూపించారు, అదీ అంపైరుతో గట్టిగా వాదించినందుకు.

ఆమె వెనక గోల్లో నిలబడేది ఆమె తోడికోడలే. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఫ్యాక్టరీ. చిన్నకోడలు రెక్కలకు రంగువేసే సెక్షన్లో పనిచేసేది. ఎంత తోముకున్నా గోళ్ల సందుల్లోంచి తెల్లరంగు పోయేది కాదు. ఆటలో వెనకనుంచి ఆమె గొంతు ఆగేది కాదు. "అక్కా ఎడమ! అక్కా వదిలెయ్, నేను చూసుకుంటా! అక్కా నీ వెనక!" ఆ గొంతు వింటూ ఆడటం ఎంత అలవాటయిందంటే, వంటింట్లో కూడా చిన్నకోడలు "అక్కా, వెనక వేడిగిన్నె" అంటే అడ్డక్క తిరిగి చూడకుండానే సరిగ్గా పక్కకు జరిగేది. వాళ్లత్తగారు ఇరుగుపొరుగుతో అనేది: "ఇంట్లో గరిటెలతో కొట్టుకోవాల్సిన తోడికోడళ్లు. నా అదృష్టం బాగుండి, బయటకెళ్లి కర్రలతో ఆడుకుని, అలిసిపోయి వస్తున్నారు."

ఆ ఏడాది వానలు మొదలవుతున్నప్పుడు వెల్ఫేర్ ఆఫీసరు జట్టును తన గదికి పిలిచాడు. ఎన్నడూ లేనిది కుర్చీలు వేయించాడు. "ఈసారి లీగు కప్పు మనకు రావాలి. పెద్దలు మాటిచ్చారు. కప్పు తెండి, పదకొండుమందికీ పర్మనెంట్ ఆర్డర్లు తీసుకెళ్లండి" అన్నాడు.

పదకొండుమందీ బయటకొచ్చారు. చిన్నకోడలే ముందుగా, "నిజంగా ఇస్తారంటావా అక్కా?" అంది. "ఇస్తామన్నాడు కదే" అంది అడ్డక్క. ఆ సాయంత్రం నుంచి ఆట ఆటలా లేదు. బంతి పొరపాటున ఎవరి కాలికిందనుంచి పోయినా పదిమందీ ఆ మనిషి వైపు ఒక రకంగా చూసేవారు.

ఫైనల్లో ఎదురుజట్టు క్రీడల హాస్టల్ అమ్మాయిలు. వాళ్లలో పదో నంబరు చొక్కా వేసుకున్న పిల్లకు పంతొమ్మిదేళ్లుంటాయి. బక్కపల్చగా, నూనె రాసి బిగించి కట్టిన జడతో, బంతి స్టిక్కుకు అతుక్కున్నట్టే పరిగెత్తేది. సగం ఆట అయ్యేసరికి ఫ్యాక్టరీ జట్టు ఒక గోలు ముందుంది. కానీ అది నిలవదని అందరికీ అర్థమవుతోంది. ఆ పిల్ల అప్పటికే మూడుసార్లు అడ్డక్కను దాటిపోయింది. మూడుసార్లూ చిన్నకోడలే అడ్డంపడి కాళ్లతో బంతి తన్నేసింది.

విరామంలో వాన మొదలైంది. రేకుల కింద నిలబడి నీళ్లు తాగుతుంటే వెల్ఫేర్ ఆఫీసరు గొడుగేసుకుని వచ్చాడు. పక్కన చిన్నకోడలు గ్లవ్స్ పిండుకుంటోంది. మిగతావాళ్లు చుట్టూ ఉన్నారు. ఆయన అడ్డక్క వైపు చూసి మెల్లగా అన్నాడు. "ఆ పదో నంబరు ఆగాలి. ఎలా ఆగుతుందో నన్నడక్కు."

అడ్డక్క స్టిక్కు అందుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆట అయిపోవడానికి నాలుగు నిమిషాలుందనగా ఆ పిల్లకు మధ్యగీత దగ్గర బంతి దొరికింది. అడ్డక్క వంగి, స్టిక్కు నేలకానించి, వెనక్కి అడుగులేస్తూ కుడివైపు దారి చూపించింది. ఆ పిల్ల అటు వెళ్లబోయినట్టు భుజం వంచి, కళ్లుమూసి తెరిచేలోగా బంతిని ఎడమవైపుకు లాక్కుని దాటేసింది. ఇక ముందు చిన్నకోడలు తప్ప ఎవరూ లేరు. అడ్డక్క గిర్రున తిరిగింది. బంతి అందే దూరంలో లేదు. తెల్లమేజోడు వేసుకున్న చీలమండ ఒకటి అందే దూరంలో ఉంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె తనను తాను ప్రశ్నించుకున్నది అదే: అప్పుడు ఆలోచించే సమయం ఉందా? ఉంది. రెప్పపాటు ఉంది. ఆ రెప్పపాటులో ఆమెకు కాటా కనబడలేదు, ఆర్డరు కాగితం కనబడలేదు, వెల్ఫేర్ ఆఫీసరు మొహమూ కనబడలేదు. చీలమండ ఒక్కటే కనబడింది. స్టిక్కు రెండు చేతులా తిప్పి కొట్టింది.

తడి కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ పిల్ల బురదలో బోర్లా పడి జారుకుంటూ పోయింది. వదిలేసిన బంతిని చిన్నకోడలు ముందుకొచ్చి దూరంగా తన్నింది. అంపైరు ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు, మధ్యలో ఇద్దరు పరిగెత్తుతున్నారు, వాన మొహాన కొడుతోంది. ఆయన ఈల వేశాడు గానీ ఫౌల్ ఇవ్వలేదు. ఆట ఆపి, స్ట్రెచర్ తెప్పించాడు. ఆ పిల్ల ఏడవలేదు. పళ్లు బిగించి అడ్డక్క వైపే చూస్తూ పోయింది.

ఫ్యాక్టరీ జట్టుకు కప్పొచ్చింది. లారీ మీద ఊరేగుతూ వచ్చారు. చిన్నకోడలు అడ్డక్క మెడ చుట్టూ చెయ్యేసి, "బతికించావక్కా" అంది. ఆ దెబ్బ చిన్నకోడలు చూసింది. గోల్లోంచి అందరికన్నా సూటిగా చూసింది ఆమే. అయినా ఆ సంగతి ఇద్దరిమధ్యా మాటగా రాలేదు.

ఆర్డర్లు బోర్డు మీటింగు తర్వాత ఇస్తామన్నారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. అడ్డక్కకు అన్నం సయించడం మానేసింది. రెక్కలు తూచేటప్పుడు పొరపాట్లు రాసాగాయి. ఒకరోజు స్టిక్కు పిడికి పట్టీ చుట్టించడానికి, స్టిక్కులు బాగుచేసే ముసలాయన కొట్టుకు వెళ్లింది. గోడకు ఆనించిన ఒక పాత స్టిక్కు మీద గోరింట రంగులో పది అంకె కనబడింది.

"అది ఎవరిది తాతా?"

"ఆ హాస్టల్ పిల్లదే. పదో నంబరు. ఎవరికైనా ఇచ్చేయమని వాళ్లమ్మ తెచ్చి పడేసిపోయింది. చీలమండ రెండు చోట్ల విరిగిందట. వానలో జారిపడిందటగా. హాస్టల్ వాళ్లు కూడా పంపించేశారు."

ఆ మరుసటి ఆదివారం పొద్దున అడ్డక్క ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. సైకిళ్ల కొట్టు పైన ఒకటే గది. తల్లి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. తండ్రి రాత్రికాపలా చేసి వచ్చి ఒక మూల గోడవైపు తిరిగి పడుకున్నాడు. కిటికీ దగ్గర కుర్చీలో ఆ పిల్ల. కాలు స్టూలు మీద పెట్టి ఉంది, చర్మంలోంచి రెండు ఇనుపకడ్డీలు బయటకు వచ్చి ఉన్నాయి.

"హాకీ వాళ్లా అమ్మా? రండి రండి, కూర్చోండి" అని తల్లి చొక్కాల మూట తీసి మంచం మీద చోటు చేసింది. "ఎవరూ రాలేదమ్మా ఇప్పటిదాకా. మీరే మొదటివాళ్లు. టీ పెడతాను."

అడ్డక్క వద్దనలేకపోయింది. మూలనుంచి తండ్రి తిరగకుండానే అన్నాడు. "ఎంతమంది ఆడలేదు ఆ వానలో? అందరూ జారారా? చూసుకుని పరిగెత్తాలి. అంత బంగారం లాంటి ఆట, కాలు కింద ఏముందో చూసుకోకుండా పోగొట్టుకుంది." రోజూ అనే మాటలా ఉంది.

తల్లి టీ తేవడానికి వరండాలోకి వెళ్లాక ఆ పిల్ల గొంతు తగ్గించి అంది. "మీరు ఆరోజు బంతిని చూడలేదక్కా."

అడ్డక్క తలెత్తి ఆ పిల్ల వైపు చూసింది.

"నేను పక్కకు చూశాను. మీ కళ్లు బంతి మీద లేవు, నా కాలి మీదున్నాయి. నేను మిమ్మల్ని మూడేళ్లుగా గమనిస్తున్నా. మీ ఆట చూసే డిఫెన్సును ఎలా దాటాలో నేర్చుకున్నా. మీరు కాళ్లు కొట్టరని మా కోచ్ ఎప్పుడూ చెప్పేది. అందుకే అంత దగ్గర నుంచి దాటాను."

"తప్పయిపోయిందమ్మా" అంది అడ్డక్క. ఆ మాట ఆమెకే ఎంతో చిన్నదిగా వినిపించింది.

"తప్పని నాకు తెలుసు. మీకూ తెలుసు. మిగతా అందరూ నేను జారానంటున్నారు. అంపైరు రిపోర్టులో అదే రాశాడు. నాన్న రోజూ అదే అంటాడు." ఆ పిల్ల స్టూలు మీది కాలి వైపు చూసుకుంది. "కాలు రాదు, అది నాకు చెప్పేశారు. నేను జారలేదని రాసివ్వండి. అంతకన్నా ఏమీ వద్దు."

టీ వచ్చింది. అడ్డక్క నాలుక కాలేలా ఒక్క గుక్కలో తాగి లేచింది.

ఆ వారమంతా ఆమె ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించింది. రాస్తే ఏమవుతుందో తెలుసు. ఆమె ఒక్కతే అయితే సరే. వెనక పదిమంది ఉన్నారు, పదిళ్లున్నాయి. అందులో ఒకటి తను ఉంటున్న ఇల్లే. చిన్నకోడలు అప్పటికే పిల్లాణ్ని మంచి బడిలో వేస్తానని కలలు కంటోంది. ఎవరినైనా అడిగితే వద్దంటారు. వద్దంటే మానేస్తానేమోనని ఆమెకు భయం. చివరికి శనివారం తిండి విరామంలో, రెక్కల కట్టల మీద కాగితం పెట్టుకుని రాసింది. నాలుగే వాక్యాలు. ఫలానా ఆటలో, ఫలానా నిమిషంలో, పదో నంబరు అమ్మాయి జారలేదు. నేను తెలిసి, వెనకనుంచి, కాలి మీద కొట్టాను. బంతి అక్కడ లేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. వెల్ఫేర్ ఆఫీసరు మాట అందులో రాయలేదు. కొట్టిన చెయ్యి తనదే.

ఒక కాగితం లీగు నడిపే హాకీ సంఘం ఆఫీసులో ఇచ్చింది. ఇంకోటి తీసుకెళ్లి ఆ పిల్ల తండ్రి చేతిలోనే పెట్టింది. ఆయన నిలబడి రెండుసార్లు చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆమెను పైనుంచి కిందికి చూసి, "వెళ్లండి" అన్నాడు. ఆ పిల్ల మెట్లదాకా చేతికర్ర మీద వచ్చింది. "మీకు థాంక్స్ చెప్పాలని ఉందక్కా, కానీ నోరు రావట్లేదు" అంది. "చెప్పకమ్మా" అంది అడ్డక్క.

సంఘం ఆమెను ఆటనుంచి మూడేళ్లు వెలివేసింది. ఫలితం మాత్రం మార్చలేదు, గడువు దాటిపోయిందన్నారు. కప్పు ఫ్యాక్టరీ గాజుబీరువాలోనే ఉంది. కానీ వెల్ఫేర్ ఆఫీసరు జట్టు మొత్తాన్నీ మళ్లీ పిలిచాడు. ఈసారి కుర్చీలు వేయించలేదు.

"అడ్డదారిలో గెలిచిన ఆటకు కంపెనీ ఆర్డర్లు ఇవ్వదు. మీ మనిషే రాసిచ్చింది. నేనేం చెయ్యను?"

అడ్డక్క ముందుకు జరిగింది. "మీరే కదా సార్, ఎలాగైనా ఆపమన్నది?"

"నేనా? నేనెప్పుడన్నాను?" ఆయన మిగతావాళ్ల వైపు తిరిగాడు. "మీలో ఎవరైనా విన్నారా?"

పదిమందీ నేల చూపులు చూశారు. చిన్నకోడలు తన గోళ్ల సందుల్లో రంగు చూసుకుంటోంది. ఆరోజు రేకుల కింద మూరెడు దూరంలో నిలబడింది ఆమె. ఆర్నెల్ల కాగితం మీద మళ్లీ సంతకం పెట్టాల్సిన మనిషి ఆమె. అడ్డక్క ఒక్క క్షణం ఆమె వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

ఇంటికెళ్లే దారిలో ఇద్దరూ ఒకే రోడ్డు మీద చెరో పక్కన నడిచారు. ఆ సాయంత్రం చిన్నకోడలు మొగుడితో గట్టిగా, వంటింట్లోకి వినబడేలా అంది. "పదిమంది నోటికాడ కూడు తీసి, తను మాత్రం మంచిదయిపోయింది." అడ్డక్క మొగుడు నెమ్మదైన మనిషి. "రాసేముందు నాతో ఒక్క మాట అనాల్సింది" అని మాత్రం అన్నాడు, అదీ మూడు రోజుల తర్వాత. నెల తిరక్కుండా చిన్నకోడలు వాళ్లు వేరే ఇల్లు చూసుకుని వెళ్లిపోయారు. గిన్నెలు పంచుకునేటప్పుడు అత్తగారు ఒక్కతే ఏడ్చింది.

ఫ్యాక్టరీలో అడ్డక్కను ఎవరూ పనిలోంచి తియ్యలేదు. క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు, అంతే. అడ్డక్క అని పిలిచేవాళ్లూ తగ్గిపోయారు. జట్టు ఆ ఏడాదే చెదిరిపోయింది. మైదానంలో షెడ్డు లేచింది. మూడేళ్ల వెలి ముగిసేసరికి ఆడటానికి జట్టూ లేదు, చోటూ లేదు. ఆ పిల్ల బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనికి కుదిరిందని తెలిసింది. అడ్డక్క ఒకసారి దూరంనుంచి చూసింది. కూర్చుని ఉంటే కాలి సంగతి ఎవరికీ తెలియదు. ఆమె ఆ వరసలో నిలబడకుండా, నడిచే ఇంటికొచ్చింది.

ఆరేళ్ల తర్వాత అత్తగారు మంచాన పడింది. ఒళ్లు పుండ్లు పడకుండా రోజుకు నాలుగుసార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒక్కమనిషి వల్ల అయ్యే పని కాదు. రెండోవారం ఒక పొద్దున తలుపు దగ్గర చిన్నకోడలు చెప్పులు విడుస్తూ కనబడింది. ఎవరూ పిలవలేదు. నేరుగా మంచానికి అవతలి పక్కకు వెళ్లి నిలబడింది. ఇద్దరూ కలిసి ముసలామెను మెల్లగా ఎత్తి, తడిసిన దుప్పటి లాగేశారు.

నాలుగు రోజులు అలాగే వచ్చి, అలాగే పోయింది. ఐదోరోజు ముసలామె నిద్రపోయాక, చేతులు తుడుచుకుంటూ చిన్నకోడలు అంది.

"నన్నడిగితే నేను వద్దనేదాన్ని."

"తెలుసు."

"అందుకే అడగలేదు కదా?"

"అందుకే."

చిన్నకోడలు తువ్వాలు దండెం మీద వేసింది. "ఆరోజు ఆఫీసులో నేను విన్నానని చెప్పి ఉండాల్సింది. విన్నాను కదా."

అడ్డక్క ఔననీ అనలేదు, పోనీలే అనీ అనలేదు. అనడానికి ఆమెకు మనసు రాలేదు. ఉతికిన దుప్పటి విదిలించి ఒక కొస చిన్నకోడలి వైపు విసిరింది.

"ముడతలు లేకుండా లాగు. పెద్దావిడకు ఒరుసుకుంటుంది."